ముద్ద ఎత్తే ముందు

మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకు నేను టిఫిను డబ్బా మూత తీశాను. టైము ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం ఉంది. మా అచ్చాఫీసులో భోజనానికి లేచేది ఒంటిగంటకి. వేళ్ళకు అంటిన సిరాను కిరసనాయిలు గుడ్డతో తుడిచి, సబ్బుతో కడిగి, వెనక వసారాలో చాప పరిచి కూర్చునేసరికి రోజూ పది నిమిషాలు పట్టేది. ఆ రోజు డబ్బాలో అన్నం, వంకాయ వేసి వండిన ఎండు నెత్తళ్ళు ఉన్నాయి. నేనే వండుకున్నాను. నా భార్య పోయి ఏడాది కావడానికి ఇంకా నెల రోజులు ఉందని అనుకుంటున్నాను.

బరంపురంలో అదొక చిన్న అచ్చాఫీసు. అరవైల చివర్లో మాట. శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు అచ్చు వేసేవాళ్ళం. తెలుగు అక్షరాలు పేర్చేది నేను. ఒడియా అక్షరాలు పేర్చే పెద్దాయనను అందరం భైనా అనేవాళ్ళం, అన్నగారని అర్థం. కాలితో మిషను తొక్కి అచ్చు తీసేది భాయ్. ఆయన ముస్లిం. అచ్చయిన కాగితాలు మడిచి కుట్టేది ఒక క్రైస్తవ వితంతువు. ఒడియా ఆవిడే కానీ తెలుగు మాలాగే మాట్లాడేది. ఆవిడను అపా అనేవాళ్ళం, అంటే అక్క. షావుకారు ఇంటికి వెళ్ళి తినేవాడు కనుక వసారాలో మేము నలుగురమే.

మొదట్లో ఎవరి పాటికి వాళ్ళం తినేవాళ్ళం. భైనా మాత్రం డబ్బా ముందు కళ్ళు మూసుకుని చాలాసేపు జపం చేసి, నాలుగు మెతుకులు గోడ మీద కాకికి పెట్టి, మళ్ళీ చేతులు కడుక్కుని వచ్చేవాడు. ఆయన వచ్చేసరికి మా తిండి సగం అయిపోయేది. ఒకరోజు అపా చేత్తో అందరినీ ఆపింది.

"ఇదేటి? పెద్దాయన దండమెట్టుకుంటంటే మనం గబగబా తినీడమేటి? ఆయనొచ్చీదాకా ఆగుదాం."

ఆగాము. మర్నాడూ ఆగాము. అపా తన ప్రార్థన చేసుకునేది, భాయ్ తన మాట అనుకునేవాడు, భైనా జపం ముగించి వచ్చేవాడు. అందరివీ అయ్యేదాకా ఎవరూ ముద్ద ఎత్తకూడదన్నది అలా మా వసారా పద్ధతి అయింది. రంజాను నెలలో భాయ్ తినకపోయినా వచ్చి చాప మీద కూర్చునేవాడు. "నా వంతు అయిపోనాది, మీరు తినండి" అని చెప్పి, అప్పుడు లేచి వెళ్ళి మిషనుకు నూనె వేసుకునేవాడు.

ఆకలితో ఎదురు చూడటంలోనే మాటలు మొదలయ్యాయి. భాయ్ భైనాను ఆటపట్టించేవాడు.

"నాది ఒక్క మాట. బిస్మిల్లా. అయిపోనాది. భైనాది దిగపహండి బస్సు. ప్రతీ సెట్టుకాడా ఆగుతాది."

"ఆగినా ఊరు సేరుస్తాది భాయ్. నీ బస్సు నాలాటి ముసిలోడు ఎక్కీలోపే ఎల్లిపోతాది."

"మరి నీదేటి బాబూ?" అని అపా నన్ను అడిగింది.

నాకేమీ లేదన్నాను.

"నేకపోతే నేకపోనీ. మాతో ఆగితే సాలు."

ఆగుతూ ఒకరినొకరు అడిగేవాళ్ళం. ఎదుట బొమ్మ లేకుండా ఎవరికి మొక్కుతావని భైనా ఒకసారి భాయ్‌ని అడిగాడు. భాయ్ వెంటనే జవాబు చెప్పలేదు. మర్నాడు చెప్పాడు. "నాకు బొమ్మ ఎదర ఉంటే సూపు దాని కాడే ఆగిపోతాది భైనా. మీకు ఆగదు, దాటి ఎలతాది. ఎవరి సూపు ఆళ్ళది." కళ్ళు మూసుకుంటే నీకు దేవుడు ఎలా కనిపిస్తాడని నేను అపాను అడిగాను. "కనిపించడు. మా నాన్న గొంతులాగ ఉంటాది" అంది.

ఈ మాటల్లో ఒక్కసారే తేడా వచ్చింది. అది నా వల్లే. అప్పట్లో నేను దొరికిన పుస్తకమల్లా చదివేవాణ్ణి. చనిపోయినవాళ్ళ గురించి భైనా ఏదో చెబుతుంటే, మీ గ్రంథాల్లోనే అలా లేదని మధ్యలో అందుకున్నాను. గ్రంథం పేరు చెప్పాను, అధ్యాయం చెప్పాను. భైనా ఊరుకున్నాడు. రెండు రోజులు నాతో పని మాటలు తప్ప ఇంకేమీ మాట్లాడలేదు. మూడోరోజు అపా నా పక్కకు వచ్చి కాగితాలు మడుస్తూ, నా వైపు చూడకుండా అంది.

"పుస్తకంలో ఏటుందో ఎవరు అడిగినారు బాబూ? నువ్వేటనుకుంటన్నావో అది సెప్పు. ఆయన ఏటనుకుంటన్నాడో అది ఇను. ఆయన్ని దిద్దడానికి ఆయనేటి, నీ ప్రూఫు కాగితమా?"

ఆ మధ్యాహ్నం భైనాకు క్షమాపణ చెప్పాను. ఆయన తన డబ్బాలోంచి ఒక మామిడికాయ ముక్క నా అన్నం మీద వేశాడు. ఆ తరువాత ఆ వసారాలో ఎవరం ఎవరినీ దిద్దలేదు.

మా ప్రాంతంలో పెరిగిన వాళ్ళకు చిన్నప్పటి నుంచీ తెలిసిన సంగతి ఒకటి ఉంది. ఒడియావాళ్ళ నెల పున్నమితో ముగుస్తుంది, తెలుగువాళ్ళ నెల అమావాస్యతో. అందువల్ల చీకటి పక్షం పదిహేను రోజులూ వాళ్ళు ఒక నెల పేరు చెబితే మనం దాని ముందు నెల పేరు చెబుతాం. కార్తీకం వాళ్ళకు దీపావళికి పదిహేను రోజుల ముందే వచ్చేస్తుంది. ఆ నెలంతా భైనా చేప ముట్టడు, వేరే ఇంట వండింది తినడు, ఒంటిపూటే తింటాడు. మాకు ఇంకా ఆశ్వయుజమే కనుక నేను నెత్తళ్ళు తెచ్చుకునేవాణ్ణి. ఏటా ఆ పదిహేను రోజులూ భైనా చాప చివరకు జరిగి, ముక్కు మీద తువ్వాలు వేసుకుని అడిగేవాడు. "ఏటి బాబూ, మీ కార్తీకం ఇంకా రైలు దిగలేదా?"

చేప విషయంలో ఇంత బాగా తెలిసిన సంగతి నా భార్య తిథి విషయంలో నాకు తట్టలేదు.

ఆమె పెద్దాసుపత్రిలో ఒక సాయంత్రం పోయింది. నాతో ఉన్నది భైనా ఒక్కడే. నేను ఏ లెక్కా చూసే స్థితిలో లేను. ఆయనే జేబులోంచి ఒక ప్రూఫు కాగితం తీసి, వెనక వైపు తిథి రాసి నా చేతిలో పెట్టాడు. కార్తీక కృష్ణ పంచమి. నేను దాన్ని ఒక పుస్తకంలో దాచాను. ఏడాది దగ్గర పడుతుంటే ఆ కాగితం తీసి, తెలుగు పంచాంగం తెచ్చుకుని, అందులో కార్తీక బహుళ పంచమి దగ్గర పెన్సిలుతో గుండ్రం చుట్టాను. దీపావళి వెళ్ళాక అత్తకు ఉత్తరం రాయాలనుకున్నాను. అత్త, అంటే నా భార్య తల్లి, పాత్రపూర్ దగ్గర పల్లెలో ఒక్కతీ ఉండేది. మా ఇళ్ళలో నెలనెలా పెట్టే ఆచారం లేదు. పన్నెండో రోజు తరువాత ఏడాదిదే.

ఇప్పుడు ఆ రోజు దగ్గరకు వస్తాను. మూత తీశాను. అపా ప్రార్థన అయింది. భాయ్ మాట అయింది. భైనా గోడ దగ్గర నుంచి వచ్చి, కూర్చోబోతూ నా డబ్బా వైపు చూసి నిలబడిపోయాడు.

"బాబూ, ఈవేళ తింటన్నావేటి?"

"అదేంటి భైనా? మా కార్తీకం ఇంకా దిగలేదు" అన్నాను. రోజూ ఆడే వేళాకోళమే అనుకున్నాను.

ఆయన నవ్వలేదు. "ఈవేళ పంచమి. నువ్వు పనిలోకి ఒచ్చినప్పుడే అడుగుదామనుకున్నాను. మద్దేనం సెలవెట్టి ఊరెల్తావేమో అనుకున్నాను."

"పంచమి వచ్చే నెల భైనా. కార్తీకంలో అని నువ్వే రాసిచ్చావు."

"ఇది కార్తీకమే కదా."

భాయ్ కాసేపు ఆలోచించి అడిగాడు. "మీ ఇంటావిడ దీపావళికి ముందా, ఎనకా? ఆ వారమే నేను మా మేనల్లుడికి టపాకాయలు కొన్నాను. ఆడి సేతిలో ఎట్టి, మన ఈదిలో కాల్చకురా, బాబు ఇంట్లో మనిషి పోనాదని సెప్పాను. ముందే బాబూ."

ముందే. ఆ దీపావళి రాత్రి నేను గది తలుపులు మూసుకుని కూర్చున్న సంగతి అప్పుడు గుర్తుకు వచ్చింది. అది ఒక్కటి గుర్తు చేసుకున్నా చాలు, ఈ పొరపాటు జరిగేది కాదు. నేను డబ్బా మూత పెట్టేశాను.

"నాదే తప్పు. మా లెక్కలో రాసీసాను" అన్నాడు భైనా.

"చదువుకున్నవాణ్ణి, చూసుకోవలసింది నేను" అన్నాను.

"తప్పు ఎవరిదో తరవాత పంచుకుందురు గానీ, ఇప్పుడేటి సెయ్యాలి?" అంది అపా.

భైనా ఆకాశం వైపు చూశాడు. పెద్దలకు పెట్టే వేళ మధ్యాహ్నం దాటాకే మొదలవుతుందనీ, పొద్దు వాలేదాకా టైముందనీ చెప్పాడు. తనకు తెలిసిన పంతులు చెరువు గట్టున ఉంటాడు, గంటలో అయిపోతుంది. లేదంటే దీపావళి అమావాస్య నాడు పెట్టుకోవచ్చు. తిథి తప్పిన వాళ్ళకు ఆ వెసులుబాటు ఉంది.

నేను మనసులో ఉన్నది చెప్పాను. ఆమె ఆకలితో వచ్చి గుమ్మం దగ్గర నిలబడుతుందని నేను నమ్మను. పన్నెండో రోజున కూడా నమ్మి పెట్టలేదు. ఇప్పుడు గంటలో చెరువు గట్టున ముగిస్తే, అది ఎవరి కోసమో నాకు తెలియదు.

ఇంకెక్కడైనా అయితే ఈ మాట దగ్గర వాదన మొదలయ్యేది. భైనాకు నా మాట కష్టంగా ఉందని ముఖంలో తెలుస్తోంది. అయినా ఆయన నన్ను దిద్దలేదు. తన సంగతి చెప్పాడు. "మా అమ్మకి పెడతాను కదా. పెట్టినప్పుడు ఆవిడ ఒచ్చినట్టే ఉంటాది నాకు. ఎనక నించుని, ఉప్పు సాల్లేదంటాది. నాకు అలాగ."

"మాకు రోజు పట్టింపు లేదు బాబూ" అన్నాడు భాయ్. "మా నాయినకి ఏ రోజు ఖురాను సదివినా అందుతాదని నా నమ్మకం. కానీ మా అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆయన పోయిన రోజే సదివేవోణ్ణి. ఆవిడ ఆ రోజు గుమ్మంలో కూకునుండేది."

అపా చివర మాట్లాడింది. "పోనోళ్ళకి మేమేటీ పంపం. నా మనిషి దేవుడి కాడ ఉన్నాడు, ఆయనకి నా కూడు అక్కర్లేదు. అయినా ఏడాదికోపాలి ఎల్లి సమాధి రాయి కడుగుతాను. అది నా కోసం." నా వైపు తిరిగి అడిగింది. "మీ అత్త నమ్ముతాదా?"

"నమ్ముతుంది."

"ఆవిడికి ఈవేళ పంచమని తెలుసా?"

నాకు తెలియదు. అంతవరకు ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

"అయితే సెరువుగట్టేటి, అమావాస్యేటి. పాత్రపూర్ బస్సు రెండింటికి. లెగు."

చేతిలో ఒక తెలుగు శుభలేఖ పని సగంలో ఉంది. నేను తప్ప తెలుగు పేర్చేవాళ్ళు లేరు. భాయ్ దాన్ని పక్కన పెట్టి, రేపటి ఒడియా కరపత్రం ముందు ఎక్కిస్తానన్నాడు. షావుకారుతో తాను మాట్లాడతానని భైనా అన్నాడు. డబ్బా అక్కడే వదిలేసి బస్సుకు పరుగెత్తాను.

దారి పొడుగునా ఒకటే ఆలోచన. అత్తకు ఏమని చెప్పాలి? రోజు గుర్తుంచుకుని వచ్చినట్టే నటించవచ్చు. బస్సు ఆలస్యమైందని అనవచ్చు. ఆవిడకు ఉన్న ఒక్క కూతురినీ నాకిచ్చింది. ఆ కూతురు పోయిన రోజు అల్లుడికి గుర్తు లేదని తెలిస్తే ఇక నా మొహం చూస్తుందా?

నాలుగు కావస్తుండగా పల్లె చేరాను. అత్త వాకిట్లో కూర్చుని ఉంది. ఇంట్లోంచి గారెలు వేగిన వాసన వస్తోంది. నన్ను చూసి లేచింది.

"ఒచ్చినావా? పొద్దుటి బస్సుకొస్తావనుకున్నాను. పున్నమెల్లి ఐదోనాడు కదా, నీకు కబురెట్టడమేటి, నీకు తెల్దేటి అనుకున్నాను."

ఆవిడకు పంచాంగం లేదు, నెల పేరు లేదు. పున్నమి వెళ్ళిన ఐదో రోజు. పొద్దున్నుంచి ఏమీ తినలేదని పెదవులు చూస్తే తెలుస్తోంది. నటించడం నా వల్ల కాలేదు. నిలబడే అంతా చెప్పాను. కాగితం, పంచాంగం, పెన్సిలు గుండ్రం, నెత్తళ్ళ డబ్బా.

అత్త లోపలికి వెళ్ళి గారెల గిన్నె మీద మూత సర్దింది.

"నెత్తల్లు తినీసావా?"

"మూత తీశాను. ముద్ద ఎత్తలేదు."

"ఎందుకెత్తనేదు?"

మా వసారా పద్ధతి చెప్పాను. ముగ్గురి ప్రార్థనలూ అయ్యేదాకా ఆగుతామని, భైనా జపం అన్నిటికంటే పొడుగని చెప్పాను.

"అయితే ఆ ఒడియా బాబు దండమెట్టుకున్నంతసేపూ నువ్వు ఆకలితో కూకున్నావు. మంచి పనయింది. ఇంకొంచెం సేపు ఎట్టుకునుంటే బస్సు తప్పిపోయీది." ఆవిడ మొహంలో కొంచెం నవ్వు వచ్చింది. వెంటనే పోయింది. "నువ్వు ఇవన్నీ నమ్మవని అది నాతో సెప్పీది. మరెందుకొచ్చినావు?"

"నువ్వు నమ్ముతావు కదా అత్తా."

"నాను నమ్ముతానని ఎవులన్నారు?"

నేను తలెత్తి ఆవిడ వైపు చూశాను.

"దానికి అందుతాదో నేదో నాకేటి తెలుసు నాయినా? ఎట్టకపోతే నాకు ముద్ద దిగదు. అంతే. రా, పొద్దు వాలతాది. కాలు కడుక్కో."

పెరట్లో ఆకు వేసి, ఆవిడ చెప్పినట్టు పెట్టాను. నమ్మి పెట్టలేదు. అన్యమనస్కంగానూ పెట్టలేదు. ఆవిడ కూతురికి ఇష్టమైనవే అన్నీ వండింది, వంకాయతో సహా. ఇంకా కాకి రాలేదని నేను చెట్టు వైపు చూస్తుంటే అత్త అంది. "కాకి రాపోతే కోడి తింటాదిలే. దానికి కోళ్ళంటే ఇష్టం." తరువాత ఇద్దరం ఎదురెదురుగా కూర్చున్నాం. నేను ముద్ద కలిపి ఆగాను. అలవాటు. అత్త కూడా చెయ్యి ఆపి నా వైపు చూసింది. ఒక నిమిషం అలాగే ఉండి, తిన్నాం.

మర్నాడు తెల్లవారి బస్సుకు బయలుదేరుతుంటే అరిసెల మూట చేతిలో పెట్టింది. "మీ ఆపీసులో ఆళ్ళకి. భయం నేదు, దాని ముందర ఎట్టినవి కావు. ముందే తీసి వేరేగ ఉంచినాను. సాయిబుగారూ కిరస్తానం ఆవిడా ఉన్నారన్నావు కదా. మనం పెద్దలకెట్టింది ఆళ్ళు తింటారో తినరో, అడిగి ఇబ్బంది పెట్టడమెందుకు?"

నేను చదివిన పుస్తకాలలో ఈ జాగ్రత్త నాకు ఎక్కడా కనబడలేదు.

వసారాలో మూట విప్పి ఆ మాట చెప్పాను. భాయ్ ఒక అరిసె కళ్ళకద్దుకుని తిన్నాడు, మళ్ళీ ఒకటి అడిగాడు. అపా రెండు తీసుకుని, నా డబ్బా తోమి తెచ్చి ఇచ్చింది. "నెత్తల్లు పారీడం ఇష్టం నేక నేనే తినీసాను. ఉప్పు ఎక్కువేసావు" అంది. భైనాకు కార్తీకం. ఆయన అరిసెను కాగితంలో చుట్టి, అక్షరాల బల్ల కింది సొరుగులో పెట్టుకున్నాడు. నెల తిరిగి, పున్నమి వెళ్ళిన మర్నాడు బయటకు తీశాడు. పళ్ళకు గట్టిగా తగులుతుంటే నానబెట్టుకుంటూ తిన్నాడు. "మీ అత్తకి సెప్పు. ఉప్పు సరిపోనాది" అన్నాడు. అరిసెలో ఉప్పేమిటని భాయ్ పడీపడీ నవ్వాడు.

ఆ తరువాత పన్నెండేళ్ళు, అత్త ఉన్నన్నాళ్ళూ, ఆ రోజున పల్లెకు వెళ్ళాను. రోజు నాకు బాగానే గుర్తుండేది. అయినా పున్నమి మర్నాటి నుంచి భైనా రోజూ ఒకసారి గుర్తు చేసేవాడు, నేను తెలియనట్టు వినేవాణ్ణి. అత్త ప్రతి ఏడూ అరిసెలు రెండు మూటలుగా కట్టేది. ఒకటి అందరికీ, ఒకటి కార్తీకం వెళ్ళాక భైనాకి.

భైనా ముందు పోయాడు. తరువాత అపా. భాయ్ కూతురి ఊరికి వెళ్ళి అక్కడ పోయాడని ఉత్తరం వచ్చింది. కంప్యూటర్లు వచ్చాక సీసం అక్షరాలను తూకానికి అమ్మేశారు. వసారా ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. నేను తమ్ముడి కొడుకు ఇంట్లో ఉంటున్నాను. మంచివాళ్ళు. ఎవరి టైముకు వాళ్ళు తింటారు, నాకు ఒంటిగంటకే పెట్టేస్తారు. కొన్నాళ్ళు ముద్ద కలిపి ఊరికే కూర్చునేవాణ్ణి. కూర బాగులేదేమోనని కోడలు కంగారు పడుతుంటే మానేశాను. ఇప్పుడు పెట్టిన వెంటనే తింటాను. ముద్ద ఎత్తే ముందు ఆగడం లేదు.